వెంట నడిచే మనిషి కావాలి

(వేంపల్లె సభలో చదివిన ప్రసంగ పాఠం)



క్యాన్సర్ అనగానే మన ఇళ్లలో మాట ఆగిపోతుంది. ఆ మౌనాన్ని గురించే నేడు మేము మాట్లాడదలిచాము.

ముప్పై ఏళ్లు దాటినవారికి నోటి క్యాన్సర్ పరీక్ష, స్త్రీలకు అదనంగా రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేయాలని కేంద్రం 2016లో మార్గదర్శకాలు వెలువరించింది. అయినను 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి, 30-49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు దేశంలో నూటికి ఇద్దరైనా లేరు. మన రాష్ట్రంలో 2024 నవంబరులో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి పరీక్షించడం మొదలుపెట్టారు. పేగు క్యాన్సర్ ఈ జాబితాలో లేదు. బ్రిటన్‌లో మలపరీక్ష కిట్ టపాలో ఇంటికే చేరుతుంది. మనకు ఆ ఏర్పాటు లేదు గనుక, మలంలో రక్తం కనిపిస్తే మొలలేనని సరిపెట్టుకోక వైద్యునికి చూపించుకోవాలి.

పిలిచినా ఎందుకు వెళ్లరు? ఒకనాటి కూలి పోతుంది. పరీక్షించేది పురుషుడేమోనన్న సంకోచం. ఉర్దూ తప్ప తెలియని ముసలమ్మకు తెలుగు కాగితం అర్థం కాదు. జబ్బు బయటపడితే బిడ్డ పెళ్లి ఆగుతుందన్న భయం ఒకటి. వీటిని కరపత్రం తీర్చలేదు.

న్యూయార్క్‌లోని హార్లెంలో పేద నల్లజాతి స్త్రీలు రొమ్ము క్యాన్సర్ ముదిరాకే ఆసుపత్రికి వచ్చేవారు. డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్ 1990లో రోగికి దారి చూపి, చికిత్స ముగిసేదాకా తోడుండే మనుషులను నియమించారు. ఉచిత పరీక్షలూ తోడయ్యాయి. అక్కడ ఐదేళ్లు జీవించినవారు నూటికి 39 నుంచి 70కి పెరిగారు.

మన వీధికి ఇద్దరు ఆపాలు చాలు. ముందే ఇంటికి వెళ్లి సొంత భాషలో చెప్పాలి. స్త్రీ వైద్యురాలుండే రోజు కనుక్కోవాలి. వెంట వెళ్లి, పసిబిడ్డను ఎత్తుకుని బయట కూర్చోవాలి. మరో పరీక్షకు కడప పొమ్మంటే బస్సు ఎక్కించి ఊరుకోక తామూ ఎక్కాలి. ఎన్టీఆర్ వైద్యసేవ కాగితాలు చూడాలి. విన్నది గడప దాటనివ్వరాదు. ఒప్పుకొనుట, మానుట ఆమె ఇష్టమే.

ఈ తోడు ప్రభుత్వ బాధ్యతను తగ్గించదు. మహిళా సిబ్బంది, పరీక్షకు చాటైన గది, ఉర్దూలో సమాచారం మన హక్కులు. వాటిని అడుగుతూనే నడుద్దాం. ఏ వీధికి ఎవరు వెళ్తారో ఈ సభ ముగిసేలోగా పేర్లు వ్రాయించండి.