ఇంట్లో చేసిన సీఎన్‌సీ రూటర్: ముందు దుమ్ము సంగతి చూడండి

లాస్ట్ ఎపిసోడ్‌లో మనం ఇంట్లో చేసుకున్న సీఎన్‌సీ రూటర్‌ని నడిపి చూపించాను కదా. కామెంట్లలో "అన్నా, మోటార్లు ఏవి? ఖర్చెంత?" అని చాలామంది అడిగారు. దుమ్ము ఎటు పోతోందని ఒక్కరూ అడగలేదు. తప్పు నాదే, నేనే చూపించలేదు.

మెషీన్ మేడమీద గదిలో ఉంది. మొదటి వారం పూజగది తలుపు కోసం ఎండీఎఫ్ జాలీ కోశాను. రెండు గంటల పని. మూతికి రుమాలు కట్టుకున్నా, చాలనుకున్నా. సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికొచ్చిన అమ్మ, జాలీ చూద్దామని గదిలోకి వచ్చింది. అక్కడే దగ్గు మొదలైంది, రాత్రంతా తగ్గలేదు. మెషీన్ ఆపి అప్పటికే గంట దాటింది. గాలిలో కంటికి ఏమీ కనిపించట్లేదు.

అసలు సమస్య అదే. కనిపించే పొట్టు నేలమీద పడుతుంది, ఊడ్చేస్తాం. కనిపించని సన్న దుమ్ము గంటలకొద్దీ గాలిలో తేలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే ప్రకటించింది. ఎండీఎఫ్‌లో మామూలుగా ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా ఉంటుంది. రుమాలు వీటిని ఆపదు.

మరి నేనేం మార్చాను?

ఒకటి, స్పీడ్. 18,000 ఆర్‌పీఎం మీద రెండు పళ్ల బిట్‌ని నిమిషానికి 600 మిల్లీమీటర్లే నడిపాను. అంటే ఒక్కో పన్ను 0.017 మిల్లీమీటర్లే తీస్తోంది. అది కోయడం కాదు, రుద్దడం. పొట్టు రావాల్సిన చోట పిండి వస్తుంది, బిట్ కూడా వేడెక్కుతుంది. ఇప్పుడు 10,000 ఆర్‌పీఎం, నిమిషానికి 1,000 మిల్లీమీటర్లు. పన్నుకి 0.05 వస్తోంది. పైసా ఖర్చు లేదు.

రెండు, డస్ట్ షూ. బిట్ చుట్టూ బ్రష్ ఉన్న తొడుగు. దాని కుచ్చు ఎప్పుడూ చెక్కని తాకుతూ ఉండాలి. ఖాళీ వదిలితే దుమ్ము అక్కణ్ణుంచే తప్పించుకుంటుంది.

మూడు, సైక్లోన్. గాలి గరాటులో గిరగిరా తిరిగితే బరువైన పొట్టు కింద బకెట్‌లో పడిపోతుంది. మిగిలిన సన్న దుమ్మే వాక్యూమ్‌కి చేరుతుంది, ఫిల్టర్ త్వరగా మూసుకుపోదు. బకెట్ మూత దగ్గర గాలి లీకైతే మాత్రం ఇదంతా వృథా. వాక్యూమ్‌కి హెపా ఫిల్టర్ పెట్టండి. మామూలు గుడ్డ సంచి అయితే సన్న దుమ్ముని మళ్లీ గదిలోకే వదులుతుంది.

నాలుగు, ఎర్త్. ప్లాస్టిక్ గొట్టంలో దుమ్ము పరుగెత్తితే స్టాటిక్ కరెంట్ పుడుతుంది. దానివల్ల లిమిట్ స్విచ్ నొక్కినట్టు కంట్రోలర్ పొరబడి, పని మధ్యలో మెషీన్ ఆగిపోవచ్చు. గొట్టం వెంట రాగి తీగ చుట్టి ఎర్త్‌కి కలపండి.

చివరగా ఒక టెస్ట్. కోయడం అయ్యాక లైట్లు ఆపి, ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి వెయ్యండి. గాలిలో ఏం తేలుతోందో మీకే తెలుస్తుంది. ఏమీ కనిపించకపోయినా ఎన్95 మాస్క్ తీయొద్దు, మరీ సన్నది టార్చ్‌కీ దొరకదు.

మొన్న అమ్మ మళ్లీ పైకొచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి, "లోపలికి రావచ్చా?" అంది. ముందు టార్చ్ వేసి చూశా, తర్వాత ఒక మాస్క్ చేతికిచ్చి రమ్మన్నా.

మీ గదిలో ఇవాళే టార్చ్ వేసి చూడండి, ఏం కనిపించిందో కామెంట్‌లో రాయండి. ఉంటాను మరి!