అమ్మమ్మ నిప్పుబంతి



ఓ వానాకాలం రాత్రి పిడుగు పడ్డాక, పెరట్లో కొబ్బరికాయంత నిప్పుబంతి తేలుతూ పోయిందని మా అమ్మమ్మ చెప్పింది. నేనప్పుడు బీఎస్సీ. "కొరివి దెయ్యమై ఉంటుందిలే అమ్మమ్మా" అని నవ్వేశాను. ఎంతసేపుంది, ఎంత ఎత్తున పోయింది అని అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే అమ్మమ్మ లేదు.

1963లో రోజర్ జెన్నిసన్ అనే శాస్త్రవేత్త న్యూయార్క్ నుంచి వాషింగ్టన్ వెళ్లే విమానంలో ఉన్నాడు. ఉరుముల మబ్బుల్లో విమానం మీద పిడుగు పడింది. కాసేపటికే పైలట్ గది వైపు నుంచి ఓ వెలుగు గోళం వచ్చి, సీట్ల మధ్య దారిలో ఆయన పక్కగా సాగిపోయింది. చేతిలో పరికరమేమీ లేదు. అయినా అంచనాలు కట్టాడు: అడ్డుకొలత సుమారు 20 సెంటీమీటర్లు, నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తు, వేగం సెకనుకు మీటరున్నర. 1969లో 'నేచర్' పత్రిక వాటిని అచ్చువేసింది.

అలాంటి గోళం వెలుగును రంగులుగా విడదీసి చూపే వర్ణపటం దొరికింది 2012 జూలైలో. చైనాలోని చింగ్‌హై పీఠభూమి మీద లాంజౌ పరిశోధకులు మామూలు మెరుపుల కోసం పరికరాలు బిగించుకుని కూర్చున్నారు. సుమారు 900 మీటర్ల దూరంలో పిడుగు పడ్డచోట గోళం లేచింది. 1.64 సెకన్లు నమోదైంది. అందులో సిలికాన్, ఇనుము, కాల్షియం గీతలు కనబడ్డాయి. అంటే మట్టే! పిడుగు వేడికి మట్టిలోని సిలికాన్ ఆవిరై, గాలిలో మెల్లగా మండుతుందని న్యూజిలాండ్‌లో జాన్ అబ్రహంసన్ 2000లోనే ప్రతిపాదించాడు. కథ కంచికి వెళ్లిందనుకుంటున్నారా? మరి విమానంలో మట్టెక్కడిది?

చూసినవాళ్లు పొరబడరా అంటే, పొరబడతారు. 2022 డిసెంబరులో మన వికారాబాద్ జిల్లా పొలాల్లో ఓ వింత గుళిక దిగింది. ఊరంతా కదిలొచ్చింది, ఊహలు ఎటెటో పోయాయి. తీరా అది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గరి టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి పైకి వెళ్లిన పరీక్షా గుళిక. ఊహ తప్పిందేమో గానీ, కళ్లు తప్పలేదు.

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీరు రేపు సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కి ఊళ్లకు వెళ్తారు. పెద్దవాళ్లెవరైనా నిప్పుబంతి మాటెత్తితే నాలా నవ్వకండి. ఎంతసేపు, ఎటువైపు, చాచిన చేతి ముందు ఎన్ని వేళ్ల వెడల్పు అని అడిగి, తేదీ వేసి రాసుకోండి. మీకే కనబడితే మాత్రం, ముందు చెట్టు కిందినుంచి ఇంట్లోకి పరుగెత్తండి. కాగితం తరవాత.