కొండ మీది పిల్లలు, కొండ కింద డాక్టర్లు



ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగమంతా చేసిన మాస్టారి పేర ఏర్పాటైన ఉపన్యాసమిది. పిల్లల మానసిక వైద్యం గురించి మాట్లాడతానంటే నిర్వాహకుల్లో ఒకరు, "మలేరియాతోనే సతమతమయ్యే మన్యంలో అదెందుకండీ?" అన్నారు. ప్రశ్న న్యాయమే. జవాబు కూడా మలేరియాలోనే ఉంది. సెరిబ్రల్ మలేరియా వచ్చి బతికి బయటపడ్డ పిల్లల్లో కొందరికి ఆ తర్వాత ఫిట్స్ మొదలవుతాయి. కొందరికి చదివింది నిలవదు, కొందరికి పట్టరాని కోపం. జ్వరం తగ్గగానే మనం రిజిస్టరు మూసేస్తాం. ఆ పిల్లవాడే తర్వాత హాస్టల్లో చేరితే వాడికి "మొండి" అని పేరొస్తుంది.

ఫిట్స్ వచ్చిన పిల్లవాడి చేతిలో తాళంచెవులు పెడితే మాస్టారు ఊరుకునేవారు కాదు. నోట్లో చెంచా దూర్చనిచ్చేవారూ కాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూస్తూ కూర్చునేవారు. ఐదు నిమిషాలు దాటితే బండి కోసం పరుగు. ఇది ఆయనకు ఒక ఏఎన్ఎం నేర్పింది. ఫిట్స్ నరాల జబ్బు కదా అంటారేమో. నిజమే, కానీ పల్లెల్లో మానసిక వైద్యుడి కోసం వచ్చేవాళ్ళలో ఈ పిల్లలూ ఉంటారు. మాత్ర మానకుండా వేస్తే చాలామందికి అదుపులో ఉంటుంది. మన్యంలో ఆ మాత్ర తప్పేది వేసవిలో. మేట్రన్ ట్రంకుపెట్టెలో మందులుంటాయి, ఏప్రిల్ ఆఖరున పిల్ల ఇంటికి పోతుంది, మందులు పెట్టెలోనే ఉండిపోతాయి. జూన్‌లో తిరిగొచ్చేసరికి మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక పక్క తడిపే పిల్లల సంగతి. ఆరేళ్ళకే తల్లిని వదిలి వచ్చినవాడు రాత్రి దుప్పటి తడిపితే, పొద్దున్నే దాన్ని అందరూ చూసేలా తీగ మీద ఆరేస్తారు. వాణ్ణి తలుపు దగ్గరికి మారుస్తారు. పడుకోబోయే ముందు ఒకసారి బయటికి తీసుకెళ్ళి, దుప్పటి చాటుగా ఉతికిస్తే సగం బాధ తీరుతుంది. ఇందులో మాత్ర లేదు, డాక్టరూ లేడు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) కింద పిల్లలను పరీక్షించే బృందం బడికి ఏడాదికోసారి వస్తుంది. పళ్ళూ కళ్ళూ చూడగలదు కానీ, రాత్రి ఏడ్చేవాణ్ణి పగలొచ్చి పోల్చుకోలేదు. తండ్రి గంజాయి కేసులో జైలుకెళ్ళిన పిల్ల ఆ సంగతి ఏ బృందానికీ చెప్పదు.

ఆ పిల్లకు మాట్లాడే భాష కూడా కావాలి. 2004 ప్రాంతంలో మన రాష్ట్రం కువి, కొండ, ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది. వైద్యం మాత్రం తెలుగులోనే ఆగింది. డాక్టరు "నిద్ర పడుతోందా?" అంటే పిల్ల తలూపుతుంది. పెద్దాయన అడిగాడు కనక ఊపింది, అంతే. తోటి పిల్లను దుబాసీగా కూర్చోబెట్టడం ఇంకా పెద్ద పొరపాటు. సాయంత్రానికి హాస్టలంతా తెలిసిపోతుంది. 2022 అక్టోబరులో వచ్చిన మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ లైన్ టెలీ మానస్, 14416, మంచి ఏర్పాటే. అయితే హాస్టల్ పిల్లల చేతిలో ఫోనుండదు. వార్డెన్ ఫోన్లో, వార్డెన్ ఎదుట, వార్డెన్ గురించి ఏం చెబుతారు?

పిల్లవాడికి బాగోలేకపోతే దిసారి, అంటే ఊరి పూజారి వైద్యుడి దగ్గరికి వెళ్ళే తల్లిని నేను తప్పుపట్టను. ఆయన కొండ మీదే ఉంటాడు, ఇంటి భాషలో మాట్లాడతాడు. మన ప్రభుత్వ మానసిక వైద్యశాల వైజాగ్‌లోని చినవాల్తేరులో ఉంది. 1871 నాటిది. అరకు నుంచి ఘాట్ రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో కూలి మానుకుని, తోడుకు ఒకరిని పిలుచుకుని, పిల్లవాడితో దిగి రావాలి.

2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టం 18వ సెక్షన్ దీన్ని ఒప్పుకోదు. పిల్లలతో సహా ఎవరూ వైద్యం కోసం దూరాభారం ప్రయాణం చేయాల్సిన అవసరం రాకూడదనీ, నివాసానికి దగ్గరలోనే సేవలుండాలనీ అది చెబుతుంది. పిల్లల మానసిక వైద్య సేవలను వేరే పేర్కొంది కూడా. ఇంకో సంగతి. 2022 ఏప్రిల్ 4కు ముందు వైజాగ్‌లో ఆసుపత్రి ఉంటే మన జిల్లాలో ఉన్నట్టే లెక్క. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చాక ఆ లెక్క చెల్లదు. పైగా పాడేరులో 2024లో వైద్య కళాశాల మొదలైంది. వారానికో రోజు అక్కడ పిల్లల క్లినిక్, నెలకోసారి డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు వైపు డాక్టరు రాక అడగడానికి ఇంతకన్నా అదను లేదు.

ఎవరు అడగాలి? సంఘాలు వినతిపత్రాలు ఇస్తూనే ఉంటాయి, ఫొటోలు పత్రికల్లో వస్తూనే ఉంటాయి. నాకు వాటికన్నా షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పీసా చట్టం మీద నమ్మకం ఎక్కువ. సామాజిక రంగాల సంస్థల మీదా, అక్కడి సిబ్బంది మీదా అజమాయిషీ అధికారం అది పంచాయతీలకూ గ్రామసభకూ ఇవ్వమంటోంది. హాస్టలూ అందులోదే, పీహెచ్‌సీ కూడా. తీర్మానం పొడుగ్గా ఉండక్కర్లేదు. ఫిట్స్ మందు ఏడాది పొడుగునా పీహెచ్‌సీలో ఉండాలి, సెలవులకు వెళ్ళే పిల్లకు బడి తెరిచేదాకా సరిపడా మాత్రలు కట్టివ్వాలి, పిల్లల భాష వచ్చిన పెద్దమనిషి ఒకరికి శిక్షణ ఇచ్చి హాస్టల్లో పెట్టాలి. ఆ క్లినిక్‌తో పాటు ఈ మూడు చాలు. తల్లులు సంతకాలో వేలిముద్రలో వేశాక ఒక నకలు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పీవో గారికి, ఒకటి జిల్లా వైద్యాధికారికి ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే అక్కడే కూర్చోండి.