వినుటకు మాత్రమే

మీ ఇంటిలోని రేడియోపెట్టెకు ఒక గొప్ప సుగుణమున్నది. అది ఆకాశమార్గాన వచ్చే తరంగాన్ని పట్టి మీకు వినిపిస్తుంది; అంతేగాని మీ గదిలో మాట్లాడుకొనే మాటలను పట్టుకొనిపోయి ఊరందరికీ చాటదు. పిల్లలు దాని మీటలను అటూ ఇటూ త్రిప్పితే మహా అయితే స్టేషను మారుతుంది, గరగరమని చప్పుడవుతుంది. ప్రసార కేంద్రానికి మాత్రం దానివల్ల ఏ హానీ లేదు. స్వీకరించే యంత్రము వేరు, ప్రసరించే యంత్రము వేరు. ఈ భేదము మనస్సులో ఉంచుకొన్నట్లయితే నేటి నా ప్రసంగ విషయములో సగము మీకు తెలిసినట్లే.

ఒకప్పుడు శ్రోతల అభిప్రాయాలు తపాలా సంచిలో వచ్చేవి. నేడు అవి అధికంగా సామాజిక మాధ్యమాల ద్వారా వస్తున్నవి. అట్టి మాధ్యమాలలో మాస్టడాన్ ఒకటి. దీనిని 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో అనే యువకుడు ప్రారంభించాడు. ఇది ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ ఉన్నది కాదు. ఎవరికి వారు తమ తమ సర్వర్లు పెట్టుకొని, ఆ సర్వర్ల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు జరుపుకొనే ఏర్పాటు. మనుష్యులు దీనిని తెరమీద చూసి చదువుకొంటారు. యంత్రాలు చదువుకొనడానికి మాత్రం వేరుగా ఒక కిటికీ ఉన్నది. దానినే ఎ.పి.ఐ. అంటారు. పోస్టాఫీసు కౌంటరువంటిదనుకొనండి. నిర్ణీతమైన పద్ధతిలో అడిగితే, నిర్ణీతమైన పద్ధతిలో జవాబు వస్తుంది. ఆ కౌంటరు వద్ద మన తరఫున నిలబడి అడిగి తెచ్చే ప్రోగ్రామును క్లయింటు అంటారు.

మా ఉత్తరాల కార్యక్రమానికి ఇట్టి క్లయింటు నొకదానిని మేము తయారు చేసుకొన్నాము. మమ్ములను ఉద్దేశించి శ్రోతలు వ్రాసినదంతా అది తెచ్చి, వరుసగా కాగితంమీద అచ్చువేసి ఇచ్చేది. నేను ఆ కాగితాలను చేత పుచ్చుకొని మైకు ముందు చదివేవాడిని. ఒకనాడు ఒక తల్లి వ్రాసిన ఉత్తరము చదివాను. కుమారుడు పరీక్ష తప్పి, ఇల్లు విడిచిపోయి, పది దినాలకు తిరిగి వచ్చాడట. వాడికి ధైర్యము చెప్పడమెట్లా అని ఆమె అడిగింది. నేను శ్రద్ధగానే జవాబు చెప్పాను. మర్నాడు ఆమె టెలిఫోను చేసింది. కోపగించలేదు. ఒక్క మాట అన్నది: "అయ్యా, నేను మీకు చెప్పుకొన్నాను గాని, ఊరికి చెప్పుకోలేదు."

విచారించి చూస్తే సంగతి తేలింది. మాస్టడానులో ప్రతి రచనకూ దాని గోప్యతను తెలిపే గుర్తు ఒకటి ఉంటుంది. ఆ గుర్తులు నాలుగు. మొదటిది అందరికీ బహిరంగము. రెండవది ఎవరైనా చూడవచ్చును గాని బహిరంగ పట్టికలలోకి ఎక్కదు. మూడవది అనుచరులకు మాత్రమే. నాలుగవది పేరు పెట్టి పిలిచిన వారికి మాత్రమే. మొదటిది కార్డు ముక్క అయితే, నాలుగవది అంటించిన కవరు. ఆమె కవరులో వ్రాసింది. మా ప్రోగ్రాము ఆ గుర్తు వంక చూడనే లేదు. కవరును చింపి, కార్డులతో పాటు వరుసలో పెట్టింది. చదివినవాడిని నేను గనుక తప్పు యంత్రానిదని తప్పించుకొనే దారి నాకు లేదు.

ఆ తరువాత మేము క్లయింటును తిరిగి మొదటినుంచి కట్టుకొన్నాము. నేను చదివినది చరిత్ర. ప్రోగ్రాము వ్రాసినవాడు మా సహోద్యోగి. అయినా ప్రక్కన కూర్చుని ప్రతి పంక్తీ అడిగి తెలుసుకొన్నాను. రెండు కట్టుబాట్లు పెట్టుకొన్నాము.

మొదటిది తాళపుచెవికి సంబంధించినది. కౌంటరు వద్ద మన ఖాతా పేర అడగడానికి టోకెన్ అనే రహస్యపుమాట ఒకటి చూపవలెను. దానిని తీసుకొనేటప్పుడే ఏయే అధికారాలు కావలెనో చెప్పవలసి ఉంటుంది. చదివే అధికారము వేరు, వ్రాసే అధికారము వేరు. మా పాత టోకెనుకు రెండూ ఉన్నవి. ఎందుకని అడిగితే, "ఎప్పుడైనా అవసరము రావచ్చునని" అన్నారు. అవసరము రాకపోయినా ప్రమాదము రావచ్చును గదా! ఆ టోకెన్ పరుల చేత పడితే మా పేరున ఏమైనా వ్రాయవచ్చును. కొత్త టోకెనుకు చదివే అధికారము మాత్రమే, అందులోనూ మాకు వచ్చిన సమాచారములు చదివే భాగము మాత్రమే అడిగాము. ఇక మా ప్రోగ్రాములో ఎంత పొరపాటున్నా అది మా ఖాతాలో ఒక్క అక్షరము వ్రాయలేదు, ఒక్కటి చెరపలేదు.

అయితే శ్రోతలు ఒక సంగతి గమనించాలి. ఈ కట్టుబాటు ఎంత మంచిదైనా, ఆ తల్లిని రక్షించి ఉండేది కాదు. మేమామె ఉత్తరాన్ని చెరపలేదు, చదివాము, అంతే. చదువుట సర్వరుకు హాని చేయకపోవచ్చును గాని, మనుష్యులకు చేయగలదు. అందుకే రెండవ కట్టుబాటు.

అది రకనిర్ణయము. కౌంటరునుంచి వచ్చే జవాబు జాసన్ అనే పద్ధతిలో వ్రాసిన పట్టిక. వంటింటిలో డబ్బాలమీద చీటీలు అంటించి ఉప్పు ఇందులో, పంచదార ఇందులో అని వ్రాసినట్లు, ప్రతి గడిలో ఎటువంటి వస్తువు ఉండవచ్చునో ముందుగా వ్రాసుకొనడమే రకనిర్ణయము. ఇందుకు మేము టైప్‌స్క్రిప్ట్ అనే భాషను వాడాము. మైక్రోసాఫ్ట్ వారు దీనిని 2012లో వెలువరించారు. చీటీకి విరుద్ధంగా ఎక్కడైనా వాడినట్లయితే, ప్రోగ్రామును నడపక మునుపే అది తప్పు చూపుతుంది.

చీటీలు వ్రాయబూనితేగాని మాకు ఎన్ని విషయాలు తెలియవో తెలియలేదు. ప్రతి రచనకూ ఒక సంఖ్య ఉంటుంది. చూస్తే అంకెలే గదా అని దానిని అంకెగా లెక్కించరాదు. జావాస్క్రిప్టులో సాధారణపు అంకెలు 9,007,199,254,740,992 వరకే నమ్మదగినవి. దానికి ఒకటి కూడితే మళ్ళీ అదే సంఖ్య వస్తుంది! మాస్టడాన్ సంఖ్యలు ఇంతకన్న పెద్దవి. వాటిని అంకెలుగా తీసుకొంటే చివరి స్థానాలు చెడి, ఆ రచన "దొరకలేదు" అనిపించుకొంటుంది. కనుక వాటిని అక్షరాలుగానే భద్రపరచవలెను. ఇంటి నంబరును మనము కూడము, తీసివేయము; చూసి పోల్చుకొంటాము. ఇదీ అంతే.

మరొకటి: భాషను తెలిపే గడి. అది ఖాళీగా ఉండవచ్చును. తెలుగు అని గుర్తున్నవే ఏరుకొంటే, గుర్తులేని తెలుగు ఉత్తరాలన్నీ జారిపోతాయి. ఇంగ్లీషు అమరికలతో ఉన్న ఫోనునుంచి తెలుగులో వ్రాసినవారి ఉత్తరానికి ఇంగ్లీషు గుర్తే పడవచ్చును. "ఖాళీగా ఉండవచ్చును" అని చీటీమీద వ్రాసుకొన్నందువల్ల, ఖాళీ అయితే ఏమి చేయవలెనో ఆలోచించక తప్పలేదు. ఆ గడిమీదనే ఆధారపడక, లిపిని చూసి పోల్చుకొనే ఏర్పాటు చేశాము.

ఇక అసలు సంగతి. గోప్యత గడికి "ఏదో ఒక మాట" అని చీటీ అంటించలేదు. నాలుగు గుర్తులూ పేరుపేరున వ్రాశాము. నాలుగింటికీ వేర్వేరుగా సమాధానము చెప్పకపోతే టైప్‌స్క్రిప్ట్ ముందుకు సాగనివ్వకుండా పంక్తులు వ్రాశాము. ఇప్పుడు మొదటి గుర్తున్నవి మాత్రమే చదివే కాగితంలోకి వస్తాయి. తక్కినవి విడిగా ఒక కట్టలోకి పోతాయి. వాటికి ప్రసారములో కాక, నేను స్వయంగా జవాబు వ్రాస్తాను.

ఇందులో ఒక కిటుకు ఉన్నది. టైప్‌స్క్రిప్ట్ చీటీలు ప్రోగ్రాము వ్రాసేవానికి తోడు. నడిచేవేళకు అవి తుడిచివేయబడతాయి. పంచదార అని వ్రాసిన డబ్బాలో దుకాణదారు ఉప్పు పోసి పంపితే చీటీ నోరెత్తదు. కాబట్టి సరకు గుమ్మం దాటక ముందే విప్పి రుచి చూసే మనిషి కావాలి. వచ్చిన ప్రతి జవాబునూ గడిగడికీ పరీక్షించే భాగాన్ని ముంగిట్లో నిలిపాము. రేపు మాస్టడాన్ వారు అయిదవ గుర్తును కల్పిస్తే? తెలియని గుర్తును కవరుగానే భావించవలెనని నియమము పెట్టాము. సందేహము వచ్చినప్పుడు తలుపు మూసి ఉంచడమే మర్యాద.

కౌంటరు మర్యాద కూడా ఒకటి కలదు. సాధారణంగా మాస్టడాన్ సర్వరు ఒక ఖాతాకు అయిదు నిమిషాలలో 300 ప్రశ్నలకు జవాబిస్తుంది. మించితే 429 అనే సంఖ్యతో త్రిప్పి పంపుతుంది. మళ్ళీ ఎప్పుడు రావచ్చునో కూడా చెబుతుంది. అంతవరకు ఆగడము మన విధి. ఆ సర్వరు ఎవరో ఒకరు సొంత ఖర్చుతో, లేదా చందాలతో నడిపేదై ఉండవచ్చును గదా.

పని ముగిసిన తరువాత ఆ తల్లికి టెలిఫోను చేసి, ఇకపై ఇట్లా జరుగదని చెప్పాను. ఎట్లా నమ్మడమని అడిగింది. చీటీల సంగతి, ఉప్పు పంచదారల సంగతి చెప్పాను. ఓపికగా విని, "ఈ చీటీలు మొదటే అంటించవచ్చును గదా బాబూ?" అన్నది. దానికి నావద్ద జవాబు లేదు. కుమారుడు మళ్ళీ పరీక్షకు కట్టాడని మాత్రం తానుగా చెప్పింది. ఆమె పేరు, ఊరు చెప్పకుండా ఇంతవరకు మీకు చెప్పడానికి ఆమె అనుమతి తీసుకొన్నాను.

మీలో అనేకుల ఇండ్లలో నేడు ఫోనులున్నవి. ఏదో ఒక ప్రోగ్రాము అధికారము కోరుతూ ఒక ప్రశ్న అడిగినప్పుడు, ఒప్పుకొనే ముందు రెండు సంగతులు విచారించండి. దీనికి చదివితే చాలునా, వ్రాయడము కూడా కావలెనా? చదివినదానిలో కార్డేదో కవరేదో దీనికి తెలుసునా? మొదటిదానికి జవాబు తెరమీదనే కనబడుతుంది. రెండవదానికి కనబడదు, దానిని కట్టినవారిని అడగవలసినదే. మేము కట్టినదాని సంగతి మీరడగక ముందే చెప్పుకొన్నాను. సెలవు.