పాల కౌంటరుకు ఏ తెర మేలు?
(సంఘ కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల కేంద్రంలో కంప్యూటరు ఉండాలా అన్న ప్రశ్న ఈనాడు లేదు. అందులో ఏ రకం ప్రోగ్రాము ఉండాలన్నదే ప్రశ్న. ఉత్త అక్షరాల తెర మీద నడిచేది ఒకటి. రంగులతో, బొమ్మలతో ఇంటర్నెట్ మీద వచ్చే వెబ్ పేజీ మరొకటి. కొత్తది కనుక రెండోదే వేగమైనదని చాలామంది అనుకుంటారు. కొంచెం తరచి చూద్దాం.

వ్యాపార సంస్థలు వాడే మధ్యతరహా కంప్యూటర్లలో ఐ.బి.ఎం. వారు 1988లో తెచ్చిన ఏ.ఎస్./400 పేరు పొందినది. దాని వారసులు నేటికీ పనిచేస్తున్నాయి. దాని మామూలు తెరలో 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. వెరసి 1,920 అక్షరాలే. మన మార్కాపురం పలక వంటిదే: రాసింది తప్ప వేరే హంగు ఉండదు. గుమాస్తా గళ్లు నింపి మీట నొక్కితే, నింపిన అక్షరాలు మాత్రమే కంప్యూటరుకు పోతాయి. జవాబు కూడా అంతే తేలికగా తిరిగి వస్తుంది.

వెబ్ పేజీ సంగతి వేరు. పేజీ రూపం, బొమ్మలు, దానిని నడిపే ప్రోగ్రాము, అన్నీ దూరం నుంచి రావాలి. ఒక్క పేజీకి ఎన్నో రాకపోకలు. పట్నంలో మంచి లైను ఉన్నచోట ఇది తెలియదు. నల్లమల అంచున సిగ్నలు అందీ అందని పల్లెలో ప్రతి రాకపోకా ఆలస్యమే. పాత కంప్యూటరు నెమ్మది అంటాము గాని, ఆలస్యం తరచు దారిలోనే ఉంటుంది.

ఇందుకు రైల్వే రిజర్వేషనే సాక్ష్యం. కాన్సర్ట్ అనే ప్రోగ్రాము 1994లో మొదట సికింద్రాబాదులో అమలుకు వచ్చింది. 1999 నాటికి దేశంలోని ఐదు రిజర్వేషన్ కేంద్రాలనూ కలిపింది. కౌంటరు గుమాస్తా ముందు ఉన్నది అక్షరాల తెరే. 2002లో ఇంటర్నెట్ టిక్కెట్లు వచ్చాయి. అయినా బెర్తు కేటాయించేది వెనుకనున్న ఆ రిజర్వేషన్ వ్యవస్థే. వెబ్ పేజీ దానికి మరొక కిటికీ మాత్రమే. తత్కాల్ వేళ రద్దీకి తట్టుకోవడానికి 2014లో వెబ్ భాగాన్ని కొత్తగా కట్టి, నిమిషానికి 2,000 టిక్కెట్ల శక్తిని 7,200కు పెంచారు. అయితే ఆ కిటికీ వల్ల మేలు కూడా తక్కువేమీ కాదు. గిద్దలూరు మనిషి స్టేషనుకు పోకుండానే టిక్కెట్టు తీసుకోగలుగుతున్నాడు.

ఇక మన కౌంటరుకు వద్దాం. ఒక సంఘంలో ఉదయం 120 మంది పాలు పోస్తారనుకుందాం. మనిషికి పది సెకన్లు ఆలస్యమైతే మొత్తం 1,200 సెకన్లు, అనగా ఇరవై నిమిషాలు. మన ఎండల్లో క్యానులోని పాలు అంతసేపు ఊరికే ఉండవు. పైగా లైను తెగిన రోజున చీటీ తరువాత ఇస్తామంటే, వెన్న శాతం ఎంత వచ్చిందో సభ్యుడికి అప్పుడే తెలియదు. సంఘం మీద నమ్మకం నిలిచేది ఆ చీటీ మీదనే.

కనుక మేము చెప్పేది ఇది. తూకం, వెన్న శాతం, చీటీ — ఈ మూడూ కేంద్రంలోని యంత్రంలోనే, సాదా తెర మీద జరగాలి. లైను ఉన్నప్పుడు లెక్కలు పైకి పంపుకోవచ్చు. పదిహేను రోజుల బిల్లు, దాణా బాకీ, బ్యాంకు జమ వంటివి సభ్యులు ఇంటి దగ్గర ఫోనులో చూసుకోవడానికి వెబ్ పేజీ ఉండాలి. నేర్చుకున్న చేతికి అక్షరాల తెర మేలు. ఎప్పుడో ఒకసారి చూసేవారికి వెబ్ పేజీ సులువు.

ప్రోగ్రాము కొనేముందు పాలకవర్గం ఈ ప్రశ్నలు తప్పక అడగాలి:

1. ఇంటర్నెట్ లేకపోతే చీటీ వస్తుందా?
2. ఒక్క సభ్యుడి పాలు నమోదు చేయడానికి ఎన్ని మీటలు నొక్కాలి?
3. కరెంటు పోయి వస్తే అప్పటిదాకా రాసిన లెక్క నిలుస్తుందా?
4. మన లెక్కలు ఎక్కడ ఉంటాయి? అమ్మినవారు మారినా అవి మన చేతికి వస్తాయా?

అమ్మేవారు మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు ఆడించి చూపితే చాలదు. ఉదయం వరుస నిండుగా ఉన్నప్పుడు, గడియారం పట్టుకుని చూడండి. ఆ ఫలితాన్ని మహాజన సభలో చదివి, సభ్యుల ఎదుట నిర్ణయించండి. డబ్బు సభ్యులది, వేచి ఉండేదీ సభ్యులే.