పొట్టలో కొవ్వు, లివర్‌లో వాపు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)

పొదుపు, అప్పుల లెక్కలు ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. మేము ఆరోగ్యం గురించి ఒక్క విషయం చెప్పి కూర్చుంటాం.

మా సంఘంలో ఒక అక్క కడుపు నొప్పికని స్కానింగ్ తీయించుకుంటే లివర్‌కు కొవ్వు పట్టిందని రాశారు. రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. లివర్ జబ్బంటే తాగుడు జబ్బే అనుకుంటారు కదా, అత్తగారు ఏమంటారోనని భయం. గేదె మేతకని సంఘంలో ఆరు వేలు అప్పు తీసుకుని, లివర్‌ను కడిగేస్తుందని ఎవరో చెప్పిన పొడి కొనుక్కుంది. ఆ అప్పుకి తీర్మానం రాసింది మేమే, సంతకాలు పెట్టింది మేమే. సంగతి తెలిశాక డాక్టరమ్మను మీటింగుకు పిలిచాం.

ఆమె చెప్పింది మాకు అర్థమైనట్టు చెబుతాం. తిన్నదాంట్లో మిగిలింది ఒళ్లు కొవ్వుగా దాచుకుంటుంది. చర్మం కింద దాచుకున్నంతవరకు ఇబ్బంది తక్కువ. అక్కడ చోటు చాలకపోతే పొట్ట లోపల పేగుల చుట్టూ, లివర్‌లో చేరుతుంది. మన దేశం వాళ్లకి ఆ చోటు తక్కువేనట, అందుకే చేతులు కాళ్లు సన్నగా ఉన్నవాళ్లకీ పొట్ట వస్తుంది. ఈ లోపలి కొవ్వు ఊరికే పడి ఉండదు. అది ఉబ్బిపోతే, గాయమైనప్పుడు వచ్చే రక్షక కణాలే అక్కడికి చేరి వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. పేగుల దగ్గరి రక్తం నేరుగా లివర్‌కే వెళ్తుంది, కాబట్టి దెబ్బ ముందు దానికే. ఇన్సులిన్ సరిగా పనిచేయదు, షుగరు మొదలవుతుంది. కొందరికి లివర్ కూడా వాచి, ఏళ్లు గడిచేకొద్దీ మచ్చలు పడి గట్టిపడుతుంది. కాలు బెణికితే కనిపించే వాపు కాదిది, నివురు గప్పిన నిప్పు. చాలామందికి నొప్పే ఉండదు. స్కానింగ్‌లో గ్రేడ్ 1 అని రాస్తే అది కొవ్వు సంగతి, వాపు ఎంతో అందులో తెలియదు. చుక్క మందు ముట్టనివాళ్లకీ ఇది వస్తుంది, ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పండి.

30 ఏళ్లు దాటినవాళ్లకి ఆశా కార్యకర్త ఫారం నింపేటప్పుడు నడుము కొలత అడుగుతుంది. మేము సిగ్గుపడి ఏదో ఒక అంకె చెప్పేసేవాళ్లం. ఈసారి టైలరింగ్ చేసే చెల్లి టేపుతో, లంగా బొందు వదులు చేసి, పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక కొలుచుకున్నాం. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదు, మగవాళ్లకి 90. మా పదిమందిలో ఏడుగురం దాటాం. నవ్వుకున్నాం గానీ, తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

బరువు నూటికి ఐదు పాళ్లు తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గుతుంది. వాపు కూడా తగ్గాలంటే ఏడు నుంచి పది పాళ్లు తగ్గాలి. 70 కిలోల మనిషికి అది ఐదు నుంచి ఏడు కిలోలు. నెలల మీద తగ్గాలి, కడుపు మాడ్చుకుని ఒక్కసారిగా తగ్గితే లివర్‌కే చేటు. మూడు పూటలా అన్నం మానడం మాకు కష్టమే. రాత్రి అన్నం సగం చేసి కూర పెంచాం, మీటింగులో కూల్‌డ్రింకులు ఆపేశాం. బజ్జీల మీద మాత్రం ఇంకా తీర్మానం కాలేదు.

పొడి ఆపేయమని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు, అలాంటివి కొన్ని లివర్‌నే పాడుచేస్తాయట. అక్క ఇప్పుడు మాతోపాటు పొద్దున్నే చెరువు గట్టు దాకా నడుస్తోంది. ఆ అప్పు ఇంకా నాలుగు కిస్తీలు ఉంది. టేపు సంఘం పెట్టెలోనే పెట్టాం, పక్క సంఘాలవాళ్లు అడిగితే ఇస్తాం.