హాజీల విమాన ప్రయాణం: చట్టం ఇచ్చిన హక్కులు

(ములుగులో హజ్, ఉమ్రా యాత్రికుల కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన ములుగు పెద్దలు జీవితకాలపు పొదుపుతో హజ్‌కో, ఉమ్రాకో బయలుదేరి శంషాబాద్‌లో విమానం ఎక్కుతారు. ఇహ్రామ్ ఎలా ధరించాలో, తవాఫ్ ఎలా చేయాలో వారికి నేర్పుతున్నాం. విమానాశ్రయంలో వారికున్న హక్కులేమిటో మాత్రం చెప్పడం లేదు. ఆ లోటు మనదే.

దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే సంస్థ డీజీసీఏ. 2020 సవరణతో దానికి చట్టబద్ధ హోదా లభించింది. 1934 నాటి చట్టం స్థానంలో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుండి అమలులో ఉంది. విమానం ఎగరడానికి యోగ్యమా కాదా తేల్చడం, పైలట్లకు, విమానాశ్రయాలకు లైసెన్సులివ్వడం, నియమాలు మీరిన సంస్థలకు జరిమానా విధించడం దాని అధికారాలు. రేపు మన మామునూరులో మళ్లీ ప్రయాణికుల విమానం దిగాలన్నా దాని లైసెన్సు తప్పదు.

ఈ అధికారం మనకెలా ఉపయోగపడుతుంది? 2024 ఫిబ్రవరిలో ముంబయి విమానాశ్రయంలో 80 ఏళ్ల వృద్ధుడు చక్రాల కుర్చీ అడిగారు. దంపతులిద్దరికీ ఒక్క కుర్చీయే దొరికింది. భార్యను కూర్చోబెట్టి తాను నడిచారు, కుప్పకూలి మరణించారు. ఆ విమాన సంస్థకు డీజీసీఏ 30 లక్షల రూపాయల జరిమానా విధించింది. నడవలేని ప్రయాణికునికి కుర్చీ ఏర్పాటు చేయడం దయ కాదు, బాధ్యత. టికెట్ కొన్నప్పుడే అడగండి. కనీసం 48 గంటల ముందైనా తెలియజేయండి.

ఏజెంటు ద్వారా కొన్న టికెట్ రద్దయినా, నియమాల ప్రకారం తిరిగి రావలసిన సొమ్ముకు విమాన సంస్థే బాధ్యురాలు. “ఏజెంటును అడగండి” అని తప్పించుకోవడానికి వీల్లేదు.

అయితే ఈ సంస్థ పరిధినీ గుర్తెరగాలి. టికెట్ ధరలను అది నిర్ణయించదు. ఉమ్రా ప్యాకేజీలో వీసా, బస పేరిట ఏజెంటు మోసగిస్తే దాని వద్ద పరిష్కారం లేదు. పోలీసులను, వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. కనుక సొమ్ము చెల్లించిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. టికెట్ పీఎన్ఆర్ సంఖ్యను విమాన సంస్థ వద్దే సరిచూసుకోండి.

అన్యాయం జరిగితే మొదట విమాన సంస్థ నోడల్ అధికారికి, తరువాత దాని అప్పీలు అధికారికి రాయండి. అక్కడా న్యాయం జరగకపోతే కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవాలో ఫిర్యాదు చేయండి. బోర్డింగ్ పాసు, వచ్చిన సందేశాలు భద్రపరచండి.

సబ్ర్ మన గుణం. కానీ హక్కును వదులుకోవడం సబ్ర్ కాదు. చదువుకున్న మన పిల్లలు ప్రతి మస్జిదు వద్ద కూర్చుని, ప్రయాణానికి ముందే పెద్దల టికెట్లు పరిశీలించి పెట్టాలని కోరుతున్నాం. మన యాత్రికులందరినీ అల్లాహ్ క్షేమంగా చేర్చి, క్షేమంగా ఇల్లు చేర్చుగాక! ఆమీన్.